మాట్లాడగలిగినంత వేగం

హైస్కూలు వయసు పిల్లలు ఒక విద్యాసంవత్సరం పాటు పరాయి దేశంలో, అంతకుముందు ముక్కూ మొహమూ తెలియని కుటుంబంతో కలిసి నివసిస్తూ, అక్కడి బడిలో చదువుకుని తిరిగి వచ్చే ఏర్పాటును ఎక్స్ఛేంజ్ కార్యక్రమం అంటారు. ఆశ్రయమిచ్చే ఇంటిని హోస్ట్ కుటుంబమనీ, ఆ ఇంటి పెద్దలను హోస్ట్ తల్లి, హోస్ట్ తండ్రి అనీ వ్యవహరిస్తారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ క్షతగాత్రులను మోసిన అమెరికన్ అంబులెన్స్ వాలంటీర్ల సంస్థ ఏ.ఎఫ్.ఎస్., మళ్లీ అలాంటి యుద్ధం రాకూడదన్న ఆశతో 1947లో ఈ పద్ధతిలో విద్యార్థులను పంపడం, రప్పించడం మొదలుపెట్టింది. 2002లో అమెరికా ప్రభుత్వం ప్రారంభించిన, సెనేటర్లు ఎడ్వర్డ్ కెనడీ, రిచర్డ్ లూగర్‌ల పేర్లతో నడిచే 'యెస్' కార్యక్రమం ద్వారా భారతదేశం నుంచి కూడా పిల్లలు వెళ్తున్నారు. జె-1 వీసా మీద వచ్చే హైస్కూలు విద్యార్థికి తిండీ గదీ ఇచ్చినందుకు హోస్ట్ కుటుంబానికి ఎవరూ డబ్బు చెల్లించరు. ఈ సంగతి తెలిసిన తెలుగు విద్యార్థికి కృతజ్ఞతతో పాటు మొహమాటం కూడా ఎక్కువవుతుంది. రెండోసారి వడ్డించమని అడగడానికీ, గదిలో చలిగా ఉందని చెప్పడానికీ అడ్డం వచ్చే ఆ మొహమాటమే, హోస్ట్ కుటుంబంతో కలిసి పరిగెత్తే దారి మీదికి కూడా వెంట వస్తుంది. అక్కడ అది ఆరోగ్యానికి సంబంధించిన సమస్యగా మారుతుంది కనుక ఈ అధ్యాయంలో వేగం, దూరం, బూట్ల కంటే ముందు దాన్ని గురించి చెప్పవలసి వస్తున్నది.

అమెరికాలో ఐదు కిలోమీటర్ల పరుగును 'ఫైవ్ కే' అంటారు. వారి లెక్కలో అది 3.1 మైళ్లు. నవంబరు నాలుగో గురువారం నాడు వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ ఉదయాన ఊరూరా జరిగే పరుగులకు, ఆ రోజు విందులో వడ్డించే టర్కీ కోడి పేరు మీద, 'టర్కీ ట్రాట్' అన్న పేరు స్థిరపడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో వై.ఎం.సి.ఎ. నిర్వహించే పరుగు 1896లో మొదలైంది; అంటే ఎంతో పేరున్న బోస్టన్ మారథాన్ కంటే ఒక సంవత్సరం పెద్దది. బఫెలోలో దూరం ఎనిమిది కిలోమీటర్లు, చాలా ఊళ్లలో ఐదు. పందెమన్న మాటే గాని, అందులో పసిపిల్లలను బండ్లలో తోసుకుంటూ వచ్చేవారూ, కోడి వేషాలు వేసుకునేవారూ, సగం దూరం కబుర్లు చెప్పుకుంటూ నడిచేవారూ ఉంటారు. ఇంట్లో పరుగు అలవాటున్న పెద్దవారు ఒకరుంటే, ఆగస్టులో వచ్చిన విద్యార్థిని సెప్టెంబరు నాటికి ఈ పరుగుకు కలిసి సిద్ధమవుదామని పిలవడం చాలా సహజం. పిలిచినవారి ఉద్దేశం గెలవడం అయి ఉండదు. వారంలో మూడు పూటలు ఆ పిల్లతోనో పిల్లవాడితోనో ఫోన్లు లేకుండా గడపడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

తెలుగు విద్యార్థి ఆ పిలుపును వినే తీరు మాత్రం వేరు. పరుగంటే అతనికి తెలిసినవి రెండు: ఒకటి బడి క్రీడోత్సవంలో గోడ నుంచి గోడకు ఊపిరి బిగబట్టి పరిగెత్తే వంద మీటర్లు, రెండోది పోలీసు ఉద్యోగాలకు వెళ్లే అన్నలు, అక్కలు తెల్లవారుజామున బైపాస్ రోడ్డు మీద ప్రాక్టీసు చేసే 'ఈవెంట్స్', అంటే తెలంగాణలోనైతే మగవారికి 1600 మీటర్లు, ఆడవారికి 800 మీటర్లు నిర్ణీత సమయంలో పూర్తి చేయవలసిన దేహదారుఢ్య పరీక్ష. రెండింటిలోనూ పరుగు ఒక ఎంపిక పరీక్ష, వెనకబడితే పోయినట్టే. ఆ తలంపుతో బయలుదేరిన విద్యార్థి మొదటి రోజే మొదటి రెండు నిమిషాల్లో శక్తి అంతా ఖర్చుచేసి, పరుగు తన ఒంటికి సరిపడదని తేల్చుకుని ఇంటికి వస్తాడు. దూరపు పరుగుకు కొత్తవారు చేసే పొరపాట్లలో ఇంతకంటే సాధారణమైనది లేదు.

నెమ్మది పరుగుకు ఒక చరిత్ర ఉన్నది, అది కూడా అతిథికీ ఆతిథేయులకూ మధ్య జరిగినదే. 1962 చివరలో ఓరెగాన్ విశ్వవిద్యాలయ కోచ్ బిల్ బవర్‌మన్, తరువాతి కాలంలో నైకీ కంపెనీ స్థాపకుల్లో ఒకరు, న్యూజీలాండ్ వెళ్లి అక్కడి కోచ్ ఆర్థర్ లిడియార్డ్ వద్ద అతిథిగా ఉన్నారు. ఒలింపిక్ విజేతలను తయారుచేసిన లిడియార్డ్, మామూలు పౌరుల కోసం ఆదివారపు నెమ్మది పరుగులు కూడా నడిపేవారు. యాభై ఒక్కేళ్ల బవర్‌మన్ వారితో బయలుదేరి, కాసేపటికే ఆయాసపడి వెనకబడిపోగా, గుండెపోటు వచ్చి కోలుకున్న, డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి తన వేగం తగ్గించుకుని, ఆయన పక్కనే కబుర్లు చెబుతూ చివరిదాకా తీసుకువచ్చారు. బవర్‌మన్ ఇంటికి తిరిగి వచ్చి ఓరెగాన్‌లో సామాన్యులకు ఆ పద్ధతి నేర్పించారు. 1967లో ఒక గుండె వైద్యునితో కలిసి ఆయన రాసిన 'జాగింగ్' అన్న పుస్తకంతో ఆ మాట అమెరికా అంతటా వ్యాపించింది. ఇద్దరు కలిసి పరిగెత్తేటప్పుడు వేగాన్ని నిర్ణయించవలసినది వెనకబడినవారేనన్న నియమం ఆ ఆదివారం నాడు అమలైనంత చక్కగా ఏ శిక్షణ పుస్తకంలోనూ కనబడదు.

మొహమాటమూ ఊపిరీ

పెద్దవారితో కలిసి వెళ్లేటప్పుడు వారి అడుగులో అడుగు వేయడం తెలుగు ఇళ్లలో పిల్లలకు నేర్పే మర్యాద. 'కొంచెం నెమ్మదిగా పదండి' అనడం, అందులోనూ ఉచితంగా అన్నం పెడుతున్నవారితో అనడం, పిల్లలకు నోరు రాని పని. అవతల అమెరికన్ హోస్ట్ తల్లికి ఇంకో మర్యాద ఉన్నది: ఎలా ఉన్నావని అడిగి, బాగున్నానని జవాబు వస్తే, ఆ జవాబును ఉన్నదున్నట్టు నమ్మడం, మళ్లీ మళ్లీ అడిగి ఎదుటివారిని చిన్నబుచ్చకపోవడం. రెండు మర్యాదలూ ఒకేసారి పనిచేసినప్పుడు మధ్యలో నలిగేవి విద్యార్థి మోకాళ్లు. నెల గడిచేసరికి అతడు తలనొప్పి, హోంవర్కు, వాన వంటి కారణాలు చెప్పి తప్పించుకోవడం మొదలుపెడతాడు. తనతో రావడం ఇష్టం లేదేమోనని ఆమె అనుకుంటుంది. ఎవరి తప్పూ లేకుండానే దూరం పెరుగుతుంది.

దీనికి విరుగుడుగా వ్యాయామ శాస్త్రంలో ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న సాధనం మాట పరీక్ష. పరిగెత్తుతూ ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే ఆ వేగం సుళువైనది; నాలుగైదు మాటలకోసారి ఊపిరి తీసుకోవలసి వస్తే మధ్యస్థం; ఒక్కొక్క మాట విడివిడిగా పలకవలసి వస్తే అది తొలి పందేనికి సిద్ధమయ్యేవారికి అక్కరలేనంత వేగం. ఇందులోని కిటుకు శ్వాసక్రియలో ఉన్నది. మాట్లాడాలంటే ఊపిరిని అదుపుగా, తీరికగా బయటికి వదలాలి. కండరాలు ఎక్కువగా పనిచేసే కొద్దీ వాటి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపడానికి శ్వాస జోరందుకుంటుంది; ఒక స్థాయి దాటిన తరువాత రక్తంలో లాక్టేట్ అనే పదార్థం పోగుపడటం మొదలై, శ్వాస పని భారంతో పోలిస్తే మరింత ఎక్కువగా పెరుగుతుంది. 'వెంటిలేటరీ థ్రెషోల్డ్' అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ గడపను దాటామా లేదా అన్నది చేతి గడియారం కంటే ముందు గొంతు చెబుతుంది. కొత్తవారి శిక్షణ దాదాపు మొత్తం ఈ గడపకు ఇవతలే సాగాలి. గుండె, రక్తనాళాలు, స్నాయువులు, ఎముకలు దూరానికి అలవాటుపడేది అక్కడే.

అయితే పరాయి భాషలో ఈ పరీక్ష సరిగా పనిచేయదు, ఈ సంగతిని శిక్షణ పుస్తకాలు పట్టించుకోవు. ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్న విద్యార్థి వాక్యం మధ్యలో ఆగితే అది ఊపిరి చాలక ఆగినదో, మాట దొరకక ఆగినదో పక్కన ఉన్నవారికి తెలియదు. అతడు మౌనంగా ఉంటే అలసటో, ఆలోచనో, ఇంటి మీద బెంగో పోల్చుకోలేరు. అందువల్ల విద్యార్థి తనను తాను పరీక్షించుకోవలసినది తెలుగులోనే. అందుకు పదమూడో ఎక్కం బాగా పనికివస్తుంది. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు, పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది అని పైకి వినిపించేలా చదువుతూ, ఒక్క ఊపిరిలో మూడు వరుసలు వస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు, రెండు వస్తే తగ్గించాలన్నట్టు, 'పదమూడు' అన్న తరువాత ఊపిరి తీసుకుని 'రెళ్లు' అనవలసి వస్తే అప్పటికప్పుడు నడకలోకి దిగాలన్నట్టు లెక్క. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఎక్కాలు తెలుగులో రాకపోవచ్చు. అలాంటివారికి తెలుగు వాచకంలో కంఠతా పట్టిన వేమన పద్యం ఏదైనా చాలు, ఆటవెలది నాలుగు పాదాల్లో రెండేసి పాదాలు ఒక్క ఊపిరిలో వస్తే సరిపోతుంది. అయోవాలోనో ఒహైయోలోనో మొక్కజొన్న చేల పక్క రోడ్డు మీద ఇదేం మంత్రమని హోస్ట్ తండ్రి అడగడం ఖాయం. అడిగితే చెప్పాలి, ఆయనకూ చిన్నప్పుడు బట్టీ పట్టినది ఏదో ఒకటి గుర్తుకు వస్తుంది, అక్కడి నుంచి సంభాషణ దానంతటదే నడుస్తుంది.

రెండో సాధనం అంకె. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్, మనిషికి తన శ్రమ ఎంతగా అనిపిస్తున్నదో కొలవడానికి ఆరు నుంచి ఇరవై వరకు ఒక కొలబద్దను తయారుచేశారు. దానినుంచి వచ్చిన సున్నా నుంచి పది వరకు ఉండే కొలబద్ద ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది. సున్నా అంటే కుర్చీలో కూర్చున్నట్టు, పది అంటే ఇక ఒక్క అడుగు కూడా వేయలేనట్టు. బయలుదేరేటప్పుడే ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకుని, ప్రతి ఐదు నిమిషాలకూ ఒకరి అంకె ఒకరికి చెప్పుకోవాలి. ఎవరి నోటినుంచైనా ఐదు దాటిన అంకె వస్తే, మారు మాట లేకుండా ఇద్దరూ నెమ్మదించాలి. 'నా వల్ల కావడం లేదు' అనడానికి సిగ్గుపడే పిల్లలు 'ఆరు' అనడానికి సిగ్గుపడరు. అంకె ఫిర్యాదు కాదు గనుక వినేవారికి కూడా నొచ్చుకోవడానికి తావుండదు. హోస్ట్ తల్లి తన అంకెను ముందుగా చెప్పడం మంచిది. నలభై ఎనిమిదేళ్ల మనిషి ఎత్తు ఎక్కుతూ 'ఏడు' అని ఒప్పుకోవడం విన్న తరువాత పదహారేళ్ల పిల్లకు తన సంగతి దాచుకోవలసిన అవసరం తగ్గుతుంది. వారం రోజుల తరువాత ఇదే పద్ధతి పరుగు దాటి ఇంట్లోకి వచ్చినా ఆశ్చర్యపడనక్కరలేదు: బడి ఎలా ఉన్నదన్న ప్రశ్నకు 'మూడు' అన్న జవాబు, 'ఫైన్' అన్న జవాబు కంటే ఎంతో ఎక్కువ చెబుతుంది.

తొమ్మిది వారాలు

అసలు పరుగు తెలియనివారిని ఐదు కిలోమీటర్లకు సిద్ధం చేసే పథకాల్లో ఎక్కువ ప్రచారంలో ఉన్నది 'కౌచ్ టు ఫైవ్ కే'. దీన్ని 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు, యాభై దాటిన తన తల్లిని పరుగుకు అలవాటు చేయడానికి తయారుచేశాడు. పుట్టుకలోనే ఇది రెండు తరాలను కలిపే పథకమన్నమాట. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. మొదటి వారం ఐదు నిమిషాలు చురుకుగా నడిచిన తరువాత, అరవై సెకండ్లు పరుగు, తొంభై సెకండ్లు నడక చొప్పున ఇరవై నిమిషాలు. వారాలు గడిచే కొద్దీ పరుగు భాగం పెరుగుతూ, ఐదో వారం మూడో రోజున మొదటిసారిగా ఇరవై నిమిషాలు ఆగకుండా పరిగెత్తవలసి వస్తుంది. చాలామంది బెదిరిపోయేదీ, పూర్తి చేసిన తరువాత పథకాన్ని నమ్మేదీ ఆ రోజే. తొమ్మిదో వారానికి అరగంట ఏకధాటి పరుగు. థాంక్స్‌గివింగ్ నవంబరు 22, 28 తేదీల మధ్య వస్తుంది కనుక సెప్టెంబరు మూడో వారంలో మొదలుపెడితే లెక్క సరిపోతుంది. జ్వరానికీ పరీక్షలకూ ఒకటి రెండు వారాలు విడిచిపెట్టాలనుకుంటే ఆ నెల మొదట్లోనే మొదలుపెట్టడం మేలు.

అరగంటలో ఐదు కిలోమీటర్లు పూర్తి కావాలన్న నియమం ఏదీ లేదు. మైలుకు పన్నెండు నిమిషాల చొప్పున పరిగెత్తినవారికి 37 నిమిషాలు దాటుతుంది, తొలి పరుగుకు అది గౌరవమైన సమయమే. మధ్యలో నడవడం ఓటమి అనుకునేవారు, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే దశాబ్దాల పాటు వేలమందికి నేర్పింది పరుగు, నడక కలిపిన పద్ధతినేనని తెలుసుకోవాలి.

వారానికి పది శాతం కంటే ఎక్కువ దూరం పెంచకూడదన్న సూత్రం పరుగు సమూహాల్లో వేదవాక్కులా చలామణీ అవుతుంటుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో నాలుగు మైళ్ల పరుగుకు సిద్ధమవుతున్న ఐదు వందల పైచిలుకు కొత్తవారిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఆ సూత్రం ప్రకారం, రెండో జట్టుకు మామూలు పద్ధతిలో శిక్షణ ఇచ్చి, 2008లో ప్రచురించిన పరిశోధనలో రెండు జట్లలోనూ ఐదుగురిలో ఒకరు చొప్పున గాయపడ్డారని తేలింది. సూత్రం పనికిరాదని దీనికి అర్థం కాదు. ఒక అంకెను పట్టుకుని ఒళ్లు చెప్పే మాట వినకపోవడం పనికిరాదని అర్థం. రెండు కాళ్లలోనూ సమానంగా, కండలో, రెండు రోజుల్లో తగ్గిపోయే నొప్పి అలవాటుపడుతున్న శరీరానికి సహజం. ఒకే కాలిలో, వేలితో చూపించగలిగిన ఒకే చోట, ఎముక మీద ఉండి, పరిగెత్తే కొద్దీ ఎక్కువయ్యే నొప్పి వేరు. అది కనబడిన రోజే ఆపి వైద్యునికి చూపించాలి. ఎదిగే వయసు పిల్లల్లో మడమ దగ్గరా, మోకాలి చిప్పకు కొద్దిగా కిందా ఎముక ఇంకా పెరుగుతూ ఉండే భాగాలు స్నాయువు లాగుడుకు నొప్పి పెట్టడం కూడా తరచుగా కనబడేదే. నలభై ఏళ్ల హోస్ట్ తండ్రికి తన అనుభవంలో ఇది తగిలి ఉండకపోవచ్చు గనుక, 'పరిగెత్తితే అదే సర్దుకుంటుంది' అన్న ఆయన సలహా ఇక్కడ చెల్లదు.

రోడ్డు, చలి, తిండి

భారతదేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి కనుక రోడ్డు దాటేటప్పుడు కళ్లు ముందుగా కుడివైపు చూడటానికి అలవాటుపడి ఉంటాయి. అమెరికాలో వాహనాలు కుడి పక్కన నడుస్తాయి. కాలిబాట దిగిన వెంటనే మీదికి వచ్చే కారు ఎడమవైపు నుంచి వస్తుంది. అలసిపోయినప్పుడు మనిషి ఆలోచించి చూడడు, అలవాటు కొద్దీ చూస్తాడు. అందువల్ల మొదటి నెలంతా ప్రతి కూడలి వద్దా పరుగు ఆపి, నిలబడి, ఎడమ, కుడి, మళ్లీ ఎడమ చూసి దాటడాన్ని శిక్షణలో భాగంగానే పాటించాలి. కాలిబాట లేని చోట ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా రోడ్డు ఎడమ అంచున పరిగెత్తడం అక్కడి పద్ధతి. నవంబరు మొదటి ఆదివారం నాడు చాలా రాష్ట్రాల్లో గడియారాలను గంట వెనక్కు తిప్పుతారు. నిన్నటిదాకా వెలుతురులో సాగిన సాయంత్రపు పరుగు ఒక్కసారిగా చీకట్లో పడుతుంది. కారు దీపాలకు మెరిసే పట్టీలున్న జాకెట్టు ఆ రోజుకల్లా సిద్ధంగా ఉండాలి.

చలి గురించి విజయవాడ పిల్లలకు ఎంత చెప్పినా ముందుగా అర్థం కాదు, తరువాత అవసరానికి మించి అర్థమవుతుంది. ఫారెన్‌హీట్‌లో 32 డిగ్రీలంటే నీరు గడ్డకట్టే సున్నా సెంటీగ్రేడ్. ఇంట్లో ఉన్న స్వెటర్లన్నీ తొడుక్కుని బయలుదేరినవారు పది నిమిషాల్లో చెమటతో తడిసి, ఆ తడి చల్లబడి వణకడం మొదలుపెడతారు. పరుగులో శరీరం వేడి పుట్టిస్తుంది కనుక, బయట ఉన్నదాని కంటే పది నుంచి ఇరవై ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువగా ఉన్నదనుకుని తదనుగుణంగా దుస్తులు వేసుకోవడం అక్కడి పరుగువారు పాటించే పద్ధతి. తలుపు తీసి అడుగు పెట్టగానే కాస్త చలివేస్తే దుస్తులు సరిగ్గా ఉన్నట్టు. నూలు బనీను చెమటను పట్టి ఉంచుతుంది గనుక ఒంటికి ఆనే పొర సింథటిక్‌ది కావాలి. నిక్కరు వేసుకోవాలన్న నిబంధన ఏ పరుగులోనూ లేదు. నిండుగా ఉండే లెగ్గింగ్స్, ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా ఇష్టపడే అమ్మాయిలు వాటితోనే పరిగెత్తవచ్చు, నవంబరులో అందరూ అలాగే వస్తారు. బాల్యంలో ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడిగాలి ఊపిరితిత్తుల్లోని గొట్టాలను బిగించవచ్చు; ఆ సంగతి వైద్య పత్రంలో దాచిపెట్టి వచ్చినవారు కనీసం ఇప్పుడైనా హోస్ట్ కుటుంబానికి చెప్పాలి.

తిండి విషయంలో పుస్తకాలు ఇచ్చే సలహాల్లో అధికభాగం ఐదు కిలోమీటర్లకు అనవసరం. జెల్లులూ, ప్రత్యేక పానీయాలూ, ముందురోజు రాత్రి కుప్పగా పోసుకునే నూడుల్సూ మారథాన్ పరిగెత్తేవారికి సంబంధించినవి. తెలుగు విద్యార్థి, అందులోనూ అమ్మాయి, అందులోనూ శాకాహారి అయితే, నిజంగా పట్టించుకోవలసినది ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేను, పందొమ్మిదేళ్ల మధ్య అమ్మాయిల్లో నూటికి 59 మందికి, అదే వయసు అబ్బాయిల్లో 31 మందికి రక్తహీనత ఉన్నది. ప్రాణవాయువును కండరాలకు మోసుకుపోయే హిమోగ్లోబిన్ తయారుకావడానికి ఇనుము కావాలి. అది తక్కువగా ఉన్న పిల్లలు ఎంత క్రమంగా సాధన చేసినా మాట పరీక్షలో ముందుకు సాగరు, దాన్ని తమ బద్ధకమని పొరబడతారు. ఇంట్లో అమ్మ పెట్టిన పప్పూ తోటకూరా లేని చోట ఉడికించిన బీన్స్, ఇనుము కలిపిన బ్రేక్‌ఫాస్ట్ సీరియల్స్ కొంతవరకు ఆ లోటు తీరుస్తాయి; వాటితో నారింజో నిమ్మరసమో తీసుకుంటే ఇనుము ఎక్కువగా ఒంటబడుతుంది, భోజనంతో పాటు టీ తాగితే తగ్గుతుంది. మాత్రలు మాత్రం రక్తపరీక్ష చేయించిన తరువాతే వేసుకోవాలి. నెలసరి రోజుల్లో పరుగు మానవలసిన పని లేదు, మానాలనిపిస్తే మానవచ్చు. ఆ కారణాన్ని హోస్ట్ తండ్రికి వివరించడం ఇబ్బందిగా ఉంటే, ఇంతకుముందు చెప్పుకున్న అంకె ఆ పని చేసిపెడుతుంది.

సంతకాలు

పద్దెనిమిదేళ్లు నిండనివారు పరుగులో పేరు నమోదు చేసుకోవాలంటే తల్లిదండ్రులో, చట్టబద్ధ సంరక్షకులో ఒక బాధ్యతా పత్రం మీద సంతకం చేయాలి. హోస్ట్ తల్లి ఎంత ప్రేమగా చూసుకున్నా చట్టం దృష్టిలో ఆమె సంరక్షకురాలు కాదు. ఆన్‌లైన్ ఫారంలో ఆమె తొందరపడి టిక్కు పెట్టడం తరువాత చిక్కులు తెచ్చిపెట్టవచ్చు. ప్రతి విద్యార్థికీ నెలకొకసారైనా పలకరించే స్థానిక కోఆర్డినేటర్ ఉంటారు. ముందుగా వారిని అడిగి, స్వదేశంలోని అమ్మానాన్నల చేత సంతకం చేయించి, ఆరోగ్య బీమా పత్రంలో వ్యాయామ పోటీలకు మినహాయింపులేమైనా ఉన్నాయేమో చదివించుకోవాలి. బడిలో శరదృతువు క్రాస్‌కంట్రీ జట్టులో చేరిన విద్యార్థులైతే కోచ్‌కు తెలియకుండా ఇంట్లో అదనంగా పరిగెత్తకూడదు.

ఊళ్లోని అమ్మానాన్నలను ఒప్పించడం కూడా ఈ పనిలో భాగమే. చదువుకోమని పంపితే రోడ్ల వెంట పరుగులేమిటన్న ప్రశ్న రాకుండా ఉండదు. దానికి వాదనతో జవాబు చెప్పడం కంటే, హోస్ట్ తల్లినే ఒకసారి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, ఎప్పుడు వెళ్తున్నారో, ఎవరు వెంట ఉంటున్నారో చెప్పించడం మంచిది. అమ్మకు కావలసినది పిల్ల ఒంటరిగా లేదన్న ధీమా.

పందెం ఉదయం

ఛాతీ మీద నాలుగు పిన్నీసులతో గుచ్చుకునే అంకె కాగితాన్ని 'బిబ్' అంటారు. దాని వెనక అంటించి ఉండే పలుచని చిప్, బయలుదేరే గీతనూ చివరి గీతనూ దాటిన క్షణాలను నమోదు చేస్తుంది. కాబట్టి గుంపు ముందు నిలబడ్డా వెనక నిలబడ్డా సొంత సమయం సొంతదే. బిబ్‌ను మడవకుండా, నడుముకు కట్టుకోకుండా, పై జాకెట్టు లోపల దాచకుండా ఎదుటికి కనబడేలా పెట్టుకోవాలి. కొత్తవారికి చోటు గుంపు వెనక భాగం. తుపాకీ మోగగానే ముందున్నవారంతా దూసుకుపోతారు, వారి వెంట కాళ్లు కూడా వాటంతటవే లాగుతాయి. వంద మీటర్ల పందెం ఒంట్లో జీర్ణించుకున్న పిల్లలకు ఇదే పెద్ద పరీక్ష. మొదటి కిలోమీటరంతా పదమూడో ఎక్కం ఒక్క ఊపిరికి మూడు వరుసలు తప్పకుండా రావలసినదే. ఆఖరి కిలోమీటరులో మాత్రం లెక్క వదిలిపెట్టి, శక్తి ఉంటే వాడుకోవచ్చు.

హోస్ట్ తండ్రి విద్యార్థి కంటే వేగంగా పరిగెత్తగలవారైతే ఆయన ఆ రోజు తన సమయం కోసం ముందుకు వెళ్తారా, పక్కనే ఉంటారా అన్నది ముందురోజే మాట్లాడుకోవాలి. రెండింటిలో ఏదైనా తప్పు కాదు, చెప్పుకోకపోవడమే తప్పు. విద్యార్థి కూడా, తోడు వస్తానన్న పెద్దమనిషిని 'మీరు వెళ్లండి, నేను వస్తాను' అని మర్యాద కొద్దీ పంపించివేసి, తరువాత ఒంటరిగా బాధపడటం మానుకోవాలి. కావాలనుకుంటే ఉండమని అడగాలి. తొమ్మిది వారాల పాటు అంకెలు చెప్పుకున్నవారికి ఆ మాట కష్టం కాదు. తూర్పు తీరంలో ఉదయం ఎనిమిదింటికి పరుగు మొదలైతే ఆంధ్ర, తెలంగాణల్లో సాయంత్రం ఆరున్నర అవుతుంది. ఇంట్లోవారంతా మెలకువగా ఉండే వేళ కనుక, చివరి గీత దగ్గర ఫోను పట్టుకుని నిలబడటానికి హోస్ట్ కుటుంబంలో చిన్నవారికి ఎవరికైనా పని అప్పగించవచ్చు.

పూర్తయిన తరువాత వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడవాలి, తడి బట్టలు మార్చుకోవాలి, ఆ వారం పరుగు తగ్గించాలి. రోటరీ క్లబ్బులు నడిపే ఎక్స్ఛేంజ్ వంటి కార్యక్రమాల్లో విద్యార్థి ఏడాదిలో మూడు నాలుగు ఇళ్ల వరకు మారవచ్చు; కొత్త ఇంట్లో పరుగు అలవాటు ఎవరికీ లేకపోవచ్చు. అలాంటప్పుడు పాత హోస్ట్ తల్లితో వారానికి ఒక పరుగు కొనసాగించడానికి అభ్యంతరం ఏమైనా ఉంటుందేమో కోఆర్డినేటర్‌ను అడిగి చూడవచ్చు.

జూన్‌లో స్వదేశం చేరిన తరువాత ఒక హెచ్చరిక. ఎండకు పుట్టి పెరిగిన శరీరమైనా చలిదేశంలో ఏడాది గడిపిన తరువాత ఆ అలవాటును పోగొట్టుకుంటుంది. త్వరగా చెమట పట్టడం, రక్తంలో నీటి భాగం పెరగడం వంటి సర్దుబాట్లు తిరిగి రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్ల విభాగం మీద కన్ను వేసినవారు, ఆ రెండు వారాలూ సూర్యుడు పైకి రాకముందే బయలుదేరి, అమెరికాలో సాధించిన వేగాన్ని గడియారంలో వెతకడం మాని, మళ్లీ పరుగు, నడక కలిపిన పద్ధతితోనే మొదలుపెట్టాలి. ఆ వేళ వీధి కుక్కలు వెంటబడితే పరిగెత్తకూడదు, పరుగు ఆపి నడవాలి.